పత్రంలో లేని పక్షం

అభ్యుదయ సాహిత్యం గురించి రాసే వ్యాసాల్లోనూ, చెప్పే పాఠాల్లోనూ తప్పకుండా తగిలే మాట ఒకటుంది: అంతర్జాతీయ దృక్పథం. ఫలానా కవికి అంతర్జాతీయ దృక్పథం వుందంటాం. రుజువు కోసం ఆయన కవితల్లో వచ్చిన విదేశీ నగరాల పేర్లూ, నదుల పేర్లూ, యుద్ధాల పేర్లూ ఏరి చూపిస్తాం. ఎం.ఏ. పరీక్షలో ఆ జాబితా రాస్తే మార్కులు కూడా వస్తాయి. కాని ప్రపంచ రాజకీయాలు ఎట్లా నడుస్తాయి, అవి మన వూరి పొలిమేర దాకా ఏ దారిన వస్తాయి, వాటిని అర్థం చేసుకోవడానికి ఒక పద్ధతి అంటూ వుందా అనే ప్రశ్నలు మన విమర్శలో అరుదు. పేర్ల జాబితా దృక్పథం కాదు.

నేను రామాయంపేటలో తెలుగు పాఠం చెప్పుకునే ఉపాధ్యాయుణ్ణి. ఈ వూళ్లో పోటీ పరీక్షలకు చదివే పిల్లలు వ్యాసరచనలో సాయం కోసం సాయంత్రాలు నా దగ్గరికి వస్తుంటారు. వాళ్ల పాఠ్య ప్రణాళికలో అంతర్జాతీయ సంబంధాలు అనే భాగం వుంది. నాటో 1949, బాండుంగ్ 1955, సార్క్ 1985 అని సంవత్సరాలు గడగడా అప్పజెప్తారు. ఒక ఒప్పందం ఎవరెవరి మధ్య జరిగిందంటే చెప్తారు. అది ఎవరి బతుకు గురించి జరిగిందంటే ఆగిపోతారు. ఇందులో పిల్లల తప్పేమీ లేదు. వాళ్లకు దొరికే పుస్తకాలు ఆ రెండో ప్రశ్న వేయవు. సాహిత్య విద్యార్థి పేర్లు ఏరుతున్నాడు, పోటీ పరీక్షల విద్యార్థి తేదీలు ఏరుతున్నాడు. జబ్బు ఒకటే.

సంధి పత్రం కూడా ఒక రచనే. దానికీ ఒక వాచకం, ఒక కర్త, ఒక శైలి, కొన్ని మౌనాలు వుంటాయి. కావ్యం చదివినంత శ్రద్ధగా దాన్ని చదివితే ప్రపంచ రాజకీయాలు మనకూ బోధపడతాయి. చదివేటప్పుడు సంతకాలు పెట్టింది ఎవరో చూడటంతో ఆగకూడదు. ఎవరి భూమి గురించి, ఎవరి శ్రమ గురించి మాట్లాడుతూ ఎవరిని గుమ్మం బయట నిలబెట్టారో చూడాలి. దీనికి ఉదాహరణలు వెతుక్కుంటూ జెనీవాకో న్యూయార్కుకో పోనవసరం లేదు. మన హైదరాబాద్ చరిత్ర చాలు.

పారిస్‌లో మన పటం

తెలుగు దేశాన్ని మనం చాలా కాలం సర్కారు, దత్త మండలాలు, నిజాం రాష్ట్రం అని మూడు ముక్కలుగా చెప్పుకున్నాం. ఈ విభజన నదుల వల్ల వచ్చింది కాదు, మాండలికాల వల్ల వచ్చింది కాదు. ఐరోపా రాజ్యాల పోరాటం వల్ల వచ్చింది.

1753లో నిజాం సలాబత్ జంగ్ కోస్తా సర్కార్లను ఫ్రెంచి సేనాని బుస్సీకి సైన్యపు ఖర్చుల కింద అప్పగించాడు. 1756లో ఐరోపాలో ఏడేళ్ల యుద్ధం మొదలైంది. ఇంగ్లండు, ఫ్రాన్సు కెనడాలోనూ కొట్టుకున్నాయి, పిఠాపురం దగ్గరి చందుర్తిలోనూ కొట్టుకున్నాయి. 1758 డిసెంబరులో చందుర్తిలో కర్నల్ ఫోర్డ్ ఫ్రెంచి సేనను ఓడించాడు. 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం ఇంగ్లీషువాళ్ల చేతికి వచ్చింది. 1766లో నిజాం అలీతో కుదిరిన సంధితో సర్కార్లు కంపెనీ పరమయ్యాయి. గుంటూరు ఒక్కటి ఆగి 1788లో చేరింది. చందుర్తి పొలాల్లో జొన్న వేసుకునే రైతుకు కెనడా అనే దేశం వున్నట్టు తెలియదు. ఆ యుద్ధపు ఫలితం మాత్రం అతని శిస్తు ఎవరికి కట్టాలో నిర్ణయించింది.

ఏడేళ్ల యుద్ధాన్ని ముగించిన పారిస్ సంధి మీద 1763 ఫిబ్రవరిలో సంతకాలు జరిగాయి. అందులో 11వ అధికరణం మన సంగతి. దక్కను సుబేదారుగా సలాబత్ జంగ్‌ను గుర్తిస్తున్నామని ఇంగ్లండు, ఫ్రాన్సు ఒప్పుకున్నాయి. అప్పటికి సలాబత్ జంగ్ సుబేదారే కాదు. 1762లోనే తమ్ముడు నిజాం అలీ అతన్ని దించి బీదరు కోటలో బంధించాడు. సంధి జరిగిన ఏడే అతను అక్కడే చనిపోయాడు. పారిస్ నగరంలో రెండు మహా రాజ్యాలు కలిసి బీదరు కోటలోని ఖైదీని దక్కను ప్రభువుగా గుర్తించాయన్న మాట. ఈ ముచ్చట చూసి నవ్వు రావచ్చు. కాని గమనించాల్సింది వేరు. ఆ పత్రం రాసినవాళ్లకు దక్కనులో వున్నది ఎవరన్నది ముఖ్యం కాదు, తమ మధ్య తగవు తీరడం ముఖ్యం. గద్దె మీద వున్న నిజాం అలీకే ఆ పత్రంలో చోటు లేనప్పుడు, దుక్కి దున్నే మనిషికి ఎక్కడిది?

స్నేహం, హామీ అనే మాటలు

సంధి పత్రాల భాష మీద సాహిత్య విద్యార్థికి సహజంగానే ఆసక్తి వుండాలి. అందులో మాటలకు నిఘంటువులోని అర్థం వుండదు.

1798లో నిజాం అలీ కంపెనీతో సైన్య సహకార ఒడంబడిక చేసుకున్నాడు. అప్పుడు ఫ్రాన్సులో నెపోలియన్ ఎదుగుతున్నాడు. నిజాం కొలువులో ఫ్రెంచి సేనాని రేమండ్ తయారుచేసిన దళాలున్నాయి. రేమండ్ ఆ ఏడే మరణించాడు. కంపెనీ ఆ దళాలను రద్దు చేయించి తన సైన్యాన్ని హైదరాబాద్‌లో పెట్టింది. మూసారాంబాగ్ అనే పేరులో ఆ రేమండే వున్నాడని నగరంలో చెప్పుకుంటారు. సైన్యానికి డబ్బు కావాలి గనుక 1800లో బళ్లారి, కడప, అనంతపురం ప్రాంతాలను నిజాం వదులుకున్నాడు. ఆ సీమకు దత్త మండలాలు అనే పేరు వచ్చింది. దత్తం అంటే ఇచ్చినది. ఎవరు ఎవరికి ఇచ్చారు? అక్కడి జనాన్ని అడిగి ఇచ్చారా? ఆ పేరులోని అవమానం గుర్తించడానికి నూటపాతికేళ్లు పట్టింది. 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు సూచన మీద రాయలసీమ అనే పేరు స్థిరపడింది. ఒక భాషా పండితుడు ఒక సంధి పత్రంలోని మాటను తిరస్కరించిన సందర్భం అది. సాహిత్య చరిత్రల్లో దీనికి దక్కవలసినంత చోటు దక్కలేదని నా అభిప్రాయం.

నిజాముకు బ్రిటిష్ ప్రభుత్వం ఇచ్చిన బిరుదు 'నమ్మకమైన మిత్రుడు'. ఆ మైత్రి ఎంతటిదో 1926లో తేలింది. బేరారు తిరిగి ఇమ్మని అడుగుతూ తానూ బ్రిటిష్ ప్రభుత్వమూ సమాన హోదాలో మాట్లాడుకోవచ్చునని ఏడవ నిజాం భావించాడు. బ్రిటిష్ రాజు సార్వభౌమత్వం ఇండియాలో సర్వోన్నతమని, ఏ సంస్థానాధిపతీ సమానుడిగా సంప్రదింపులు జరపలేడని వైస్రాయి రీడింగ్ జవాబు రాశాడు. నూట పాతికేళ్ల సంధుల్లోని స్నేహానికి అసలు అర్థం ఒక్క వుత్తరంలో బయటపడింది.

మా వూరికి దగ్గర్లో అక్కన్నపేట స్టేషను వుంది. సికింద్రాబాద్ నుంచి మన్మాడు పోయే ఆ రైలు దారి 1900 ప్రాంతంలో పూర్తయింది. దాన్ని నడిపిన కంపెనీ పేరు నిజామ్స్ గ్యారంటీడ్ స్టేట్ రైల్వే. ఆ కంపెనీ 1883లో లండన్‌లో ఏర్పడింది. గ్యారంటీ అంటే ఏమిటి? పెట్టుబడి మీద వడ్డీకి నిజాం ప్రభుత్వం హామీ. రైలుకు లాభం రాకపోయినా లండన్ వాటాదారుకు డబ్బు అందాలి. ఆ హామీకి ఆధారం ఖజానా, ఖజానాకు ఆధారం భూమి శిస్తు. 1930లో రాష్ట్ర ప్రభుత్వం ఆ రైల్వేను కొనేసింది. కొన్న డబ్బూ అదే ఖజానాది. ప్రపంచ పెట్టుబడి మా తాలూకాకు ఏ దారిన వచ్చిందని ఎవరైనా విద్యార్థి అడిగితే, నేను ముందు ఆ పట్టాలను చూడమంటాను.

మళ్లీ పారిస్: 1948

ఇప్పుడు అసలు ఘట్టానికి వద్దాం. 1947 ఆగస్టు 15తో సంస్థానాల మీద బ్రిటిష్ సర్వోన్నతాధికారం ముగిసింది. ఇక తాను స్వతంత్రుడినని నిజాం వాదన. చుట్టూ భారత భూభాగం, ఎనభై శాతానికి పైగా జనం ముస్లిమేతరులు, ఈ రాష్ట్రం విడిగా వుండటం అసాధ్యమని భారత ప్రభుత్వ వాదన. 1947 నవంబరు 29న ఇద్దరి మధ్య ఏడాది కాలానికి యథాతథ ఒడంబడిక కుదిరింది.

ఈ ఒడంబడికను విద్యార్థులు ఒక్కసారైనా వాచకంగా చదవాలి. విదేశ వ్యవహారాలు, రక్షణ, రవాణా సౌకర్యాల విషయంలో బ్రిటిష్ రాజుకూ నిజాముకూ మధ్య వున్న ఏర్పాట్లన్నీ భారత ప్రభుత్వంతో అట్లాగే కొనసాగుతాయని మొదటి అధికరణం. సర్వోన్నతాధికార సంబంధం మాత్రం ఏర్పడదని మరొక అధికరణం. భారత ప్రతినిధి మొదటిదాన్ని పట్టుకుని, విదేశ వ్యవహారాలే లేని సంస్థానం అంతర్జాతీయ వేదిక ఎక్కడం చెల్లదన్నాడు. హైదరాబాద్ ప్రతినిధి రెండోదాన్ని పట్టుకుని, మా మీద మీకు పెత్తనం లేదన్నాడు. యథాతథం అనే ఒక్క మాటను ఇద్దరూ తమ తమ వైపు గుంజారు. అన్వయ క్లిష్టత కావ్యాల్లో వుంటే పండితులు తగాదా పడతారు. సంధి పత్రాల్లో వుంటే సైన్యాలు కదులుతాయి.

1948 ఆగస్టు 21న నిజాం ప్రభుత్వం ఐక్యరాజ్య సమితి భద్రతా మండలికి ఫిర్యాదు పంపింది. సభ్యత్వం లేని రాజ్యం కూడా తన వివాదాన్ని మండలి దృష్టికి తేవచ్చునని చెప్పే 35వ అధికరణం దానికి ఆధారం. సెప్టెంబరు 13న భారత సైన్యం నాలుగు వైపులా ప్రవేశించింది. ప్రధాన దళం షోలాపూర్ రోడ్డున వచ్చింది. 16వ తేదీన పారిస్‌లో భద్రతా మండలి సమావేశమైంది. అధ్యక్షుడు బ్రిటన్ ప్రతినిధి కాడొగన్. హైదరాబాద్ తరఫున మొయిన్ నవాజ్ జంగ్, భారతదేశం తరఫున రామస్వామి మొదలియారు. ఫిర్యాదును ఎజెండాలో చేర్చుకోవడానికి 8 ఓట్లు వచ్చాయి, వ్యతిరేకంగా ఒక్కటీ రాలేదు, ముగ్గురు తటస్థంగా వున్నారు. ఆ ముగ్గురూ సోవియట్ యూనియన్, ఉక్రెయిన్, చైనా. ఇక్కడ చైనా అంటే అప్పటి చాంగ్ కై షేక్ ప్రభుత్వం. సోవియట్ యూనియనూ, తన దేశంలో కమ్యూనిస్టులతో యుద్ధం చేస్తున్న కొమింటాంగూ ఒకే వరసలో కూర్చున్నాయి. శిబిరాలుగా మాత్రమే ప్రపంచాన్ని చదివే అలవాటున్నవారు ఈ ఓటింగు దగ్గర ఒక్క క్షణం ఆగాలి.

17న నిజాం లొంగుబాటు ప్రకటించాడు. 20న మండలి మళ్లీ కూర్చునేసరికి వాదించడానికి వచ్చిన ప్రతినిధి వెనక ప్రభుత్వమే లేదు. 22న ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నట్టు నిజాం తంతి పంపాడు. 1949 మేలో పాకిస్తాన్ ఆ ప్రశ్న మళ్లీ లేవదీసింది గాని ఏమీ తేలలేదు. హైదరాబాద్ సమస్య అనే పద్దు మాత్రం దశాబ్దాల పాటు మండలి జాబితాలో అట్లాగే పడివుంది. 1763లో ఖైదీకి ప్రభుత్వం అంటగట్టిన నగరంలోనే, 1948లో ప్రభుత్వం లేని ప్రతినిధి మాట్లాడవలసి వచ్చింది.

అక్కడ లేనిదెవరు?

ఇంతవరకు చెప్పినదంతా రాజ్యాల కథ. నిజాం పక్షం, భారత పక్షం, బ్రిటన్, పాకిస్తాన్. లండన్ పార్లమెంటులో చర్చిల్ నిజాం తరఫున మాట్లాడాడు. వీళ్లందరి వాదాల్లో లేని పక్షం ఒకటుంది. అది హైదరాబాద్ రాష్ట్రంలో భూమి దున్నేవాడు.

ఆ రాష్ట్రంలో భూమి సుమారు అరవై శాతం దివానీ, ముప్పై శాతం జాగీర్లు, పది శాతం నిజాం సొంత ఖర్చులకు ఏర్పరచిన సర్ఫేఖాస్. వెట్టి, బేదఖలీ, నాగులు, లెవీ గల్లా. ఈ మాటలు యథాతథ ఒడంబడికలో లేవు. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. తర్వాత రెండేళ్లలో సుమారు మూడు వేల గ్రామాల్లో పది లక్షల ఎకరాల దాకా పంచామని పుచ్చలపల్లి సుందరయ్య 1972 నాటి తన గ్రంథంలో రాశారు. లెక్క గురించి వాదించేవారు వాదించవచ్చు. అంత పెద్ద ఘటన పారిస్‌లో ఒక పక్షంగా నిలబడలేదన్నది వివాదం లేని సంగతి. అక్కడ కమ్యూనిస్టుల ప్రస్తావన వచ్చినా శాంతిభద్రతల సమస్యగా వచ్చింది, భూమి సమస్యగా రాలేదు.

తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. ఫిర్యాదు వెళ్లింది ఆగస్టు 21న. ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో రజాకార్లు, నిజాం సిబ్బంది కలిసి ఇంచుమించు వంద మందిని చంపారు. నిజాం ప్రభుత్వం తన సార్వభౌమత్వానికి రక్షణ కోరిన వారంలోనే జరిగిన ఘాతుకం అది. తన జనం మీద తన ముఠాలను వదిలిన రాజ్యం సార్వభౌమత్వం గురించి మాట్లాడటంలోని బోలుతనం ఇక్కడ బయటపడుతుంది.

రెండో వైపూ చూడకపోతే మన చదువు సగమే. సైన్యం వచ్చిన రోజుల్లోనూ, ఆ తర్వాతా ముఖ్యంగా ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదరు, నాందేడ్ జిల్లాల్లో సామాన్య ముస్లింల మీద ఘోరాలు జరిగాయి. నెహ్రూ పంపగా పండిత సుందర్‌లాల్ బృందం 1948 నవంబరు, డిసెంబరు నెలల్లో పర్యటించి నివేదిక ఇచ్చింది. తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి వుంటారని ఆ బృందం అంచనా. ఆ నివేదిక దశాబ్దాల పాటు వెలుగు చూడలేదు. జరిగినదానికి పోలీసు చర్య అని పేరు పెట్టారు. పోలీసు చర్య అంటే ఇంటి వ్యవహారం, భద్రతా మండలికి సంబంధం లేనిది. పేరులోనే వాదం వుంది. ఇందులోనూ చనిపోయినవారు ఏ పత్రంలోనూ పక్షం కాలేదు. రజాకార్ల చేతిలో చనిపోయిన రైతును తలుచుకునేవారు ఈ చావులను దాటవేయడం, ఈ చావులను తలుచుకునేవారు బైరాన్‌పల్లిని దాటవేయడం ఈనాటికీ చూస్తున్నాం. సెప్టెంబరు 17 వచ్చినప్పుడల్లా విమోచనమా, విలీనమా, విద్రోహమా అని మాటల మీద తగవు. మూడు మాటల్లోనూ కర్త రాజ్యమే.

మన శిబిరం సంగతి

ఇదే ప్రశ్న మన శిబిరానికీ వేసుకోవాలి. సైన్యం వచ్చాక పోరాటం ఆపాలా కొనసాగించాలా అని కమ్యూనిస్టు పార్టీలో తీవ్రంగా చర్చ జరిగింది. ఆంధ్ర కమిటీ 1948లోనే చైనా అనుభవాన్ని, మావో నూతన ప్రజాస్వామ్య సిద్ధాంతాన్ని ముందుకు తెచ్చింది. మరికొందరు రష్యా మార్గమన్నారు. చివరికి 1951 ఫిబ్రవరిలో అజయ్ ఘోష్, డాంగే, చండ్ర రాజేశ్వరరావు, మాకినేని బసవపున్నయ్య మాస్కో వెళ్లి స్టాలిన్‌ను కలిశారు. చైనా గెరిల్లాలకు వెనక దన్నుగా సోవియట్ సరిహద్దు వుంది, ఇక్కడ అటువంటిది లేదన్నది అక్కడ వచ్చిన వాదాల్లో ఒకటి. 1951 అక్టోబరులో పోరాటాన్ని విరమించారు.

ఆ నిర్ణయం సరైనదా కాదా అన్నది ఈ వ్యాసపు విషయం కాదు. తప్పనిసరి అనేవారి వాదానికీ బలం వుంది. నేను గుర్తు చేసేది వేరు. నల్లగొండ, వరంగల్లు జిల్లాల రైతు తన చెలకను నిలుపుకోవడమా వదులుకోవడమా అనే చర్చ మాస్కో గదిలో, పటం ముందు జరిగింది. ప్రపంచ రాజకీయాలు మన వూరికి రావడమంటే ఇదే. అవి సామ్రాజ్యవాదుల దారినే వస్తాయనుకోవద్దు, మిత్రుల దారినా వస్తాయి. మిత్రుల పత్రంలో సైతం రైతు కూర్చునే చోటు ఎక్కడ అని అడగడం అభ్యుదయవాదికి తప్పు కాదు, బాధ్యత.

రాజ్యాల డబ్బుకు జ్ఞాపకశక్తి ఎక్కువ

1948 సెప్టెంబరు 20న, లొంగుబాటు జరిగిన మూడో నాడు, హైదరాబాద్ ప్రభుత్వానికి లండన్‌లోని వెస్ట్‌మిన్‌స్టర్ బ్యాంకులో వున్న 10 లక్షల 7 వేల 940 పౌన్లు పాకిస్తాన్ హైకమిషనర్ రహీంతులా ఖాతాలోకి మారాయి. మార్పించినది పారిస్‌లో వాదించిన మొయిన్ నవాజ్ జంగే. ఆ డబ్బు కోసం నిజాం దావా వేశాడు. పరాయి రాజ్యం మీద దావా చెల్లదని 1957లో ప్రభువుల సభ తేల్చడంతో కేసు ఆగింది, డబ్బు బ్యాంకులోనే వుండిపోయింది. పాకిస్తాన్ 2013లో కొత్తగా దావా వేయడంతో ఆ రక్షణ తొలగింది. 2019 అక్టోబరు 2న లండన్ హైకోర్టు భారతదేశానికీ నిజాం వారసులకూ అనుకూలంగా తీర్పు ఇచ్చింది. అప్పటికి ఆ సొమ్ము ఇంచుమించు మూడున్నర కోట్ల పౌన్లయింది.

డెబ్బై యేళ్లు ఆ డబ్బుకు వడ్డీ లెక్క తప్పలేదు. దాని కోసం మూడు తరాల న్యాయవాదులు వాదించారు. ఆ పది లక్షల పౌన్లు మొదట ఏ గ్రామాల శిస్తుగా, ఏ తాలూకాల గల్లాగా ఖజానాకు చేరాయో అడిగినవారు ఆ కోర్టులో లేరు. వుండరు కూడా. అది ఆ కోర్టు తప్పు కాదు, ఆ రకం పత్రాల స్వభావమే అంత.

సాహిత్యం వాంగ్మూలం

ఇక్కడే సాహిత్యం పని మొదలవుతుంది. పత్రంలో చోటు దొరకని పక్షం తన పత్రం తాను రాసుకుంది. 1930లో మెదక్ జిల్లా జోగిపేటలో, సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన, మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. మా వూరి నుంచి ఒక పూట ప్రయాణం. అప్పటి తీర్మానాలు వినయంగా, మహజరుల భాషలో వుంటాయి. 1944 భువనగిరి సభకు వచ్చేసరికి అది సంఘం అయింది. మహజరు నినాదమైంది, నినాదం పాటైంది. ఈ మార్పును భాషాపరంగా అధ్యయనం చేయదలచిన పరిశోధక విద్యార్థికి నిండు జీవితానికి సరిపడా పని వుంది.

దాశరథి ఇందూరు జైలులో వున్నప్పుడు గోడ మీద బొగ్గుతో పద్యం రాశాడన్న సంగతి అందరం చెప్పుకుంటాం, ధైర్యానికి గుర్తుగా చెప్పుకుంటాం. నేను దాన్ని మరో రకంగా చదువుతాను. ఆ ఘట్టమంతటిలో నిజాం పాలన మీద ఒక మనిషి ఇచ్చిన వాంగ్మూలం అది. పారిస్‌లో సమర్పించిన దస్తావేజులు భద్రంగా వున్నాయి. గోడ మీది బొగ్గురాత కడిగేస్తే పోతుంది. అయినా పద్యం మిగిలింది, ఎందుకంటే జనానికి నోటికి వచ్చింది. 1949లో వచ్చిన 'అగ్నిధార', అదే ఏడు వచ్చిన సోమసుందర్ 'వజ్రాయుధం', తర్వాత వట్టికోట ఆళ్వారుస్వామి నవలలు, 1969 నాటి దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్లు', ఇవన్నీ తెలంగాణ సాహిత్యం అనే అరలో వున్నాయి. అంతర్జాతీయ దృక్పథం అనే అరలో విదేశీ పేర్లున్న కవితలు వున్నాయి. ఈ అరలు మార్చాలి. ఒక అంతర్జాతీయ వివాదంలో లేని పక్షం ఇచ్చిన సాక్ష్యం కంటే అంతర్జాతీయమైన రచన ఏముంటుంది?

దీనికి ఒక అభ్యంతరం రావచ్చు. కవిత్వాన్ని సాక్ష్యంగా చదివితే కళ ఏమవుతుందని. ఏమీ కాదు. సాక్ష్యం నమ్మదగ్గదిగా వుండాలంటే మాట సూటిగా వుండాలి, చూసినది చూసినట్టు వుండాలి. అరువు మాటల కవిత సాక్ష్యంగానూ నిలబడదు, కవితగానూ నిలబడదు. మన ఉద్యమ కవిత్వంలో చాలా భాగం కాలానికి ఆగకపోవడానికి కారణం అక్కడ వెతకాలి.

మారిన ప్రపంచంలో

1991లో సోవియట్ యూనియన్ రద్దయింది. ప్రపంచాన్ని రెండు శిబిరాలుగా చదవడం నేర్చుకున్న పాఠకులు ఒక్కసారిగా నిఘంటువు పోగొట్టుకున్నట్టయ్యారు. సోవియట్ భూమి పత్రికా, మాస్కో ముద్రణ తెలుగు పుస్తకాలూ ఆగిపోయాయి. ఆ తర్వాత అమెరికా ఒక్కటే ధ్రువమన్నారు. ఇప్పుడు బహుళ ధ్రువాలంటున్నారు. ఈ మాటలు మళ్లీ మారతాయి. శిబిరం పేరు కంఠస్థం చేసినవాడు ప్రతిసారీ కొత్తగా కంఠస్థం చేయాలి. పద్ధతి నేర్చుకున్నవాడికి ఆ ఇబ్బంది లేదు.

మెదక్, కామారెడ్డి, నిజామాబాద్, కరీంనగర్ ప్రాంతాలు చూడండి. గల్ఫు పోయిన మనిషి లేని వూరు అరుదు. కువైట్ మీద ఇరాక్ 1990 ఆగస్టు 2న దాడి చేస్తే ఆ వార్త ఈ పల్లెల్లో ఇంటి వార్త అయింది. పనివాడి పాస్‌పోర్టు, వీసా, యజమాని కఫాలా హక్కు, చమురు ధర, ఇవన్నీ కలిసి ఒక కుటుంబం బోరు వేయించుకుంటుందా అప్పుల్లో పడుతుందా అనేది నిర్ణయిస్తాయి. దేశాల మధ్య ఒప్పందాలు అతని గురించే, సంతకాలు అతనివి కావు.

అయితే ఈ కథ ఎప్పుడూ ఒకే రకంగా ముగియదు. 2020 సెప్టెంబరులో, కరోనా కాలంలో, గల్ఫు దేశాలకు పోయే కార్మికులకు నిర్ణయించిన కనీస వేతనాల పట్టికను భారత ప్రభుత్వం తగ్గించింది. ఉద్యోగాలు నిలబడాలన్నది ప్రభుత్వం చెప్పిన కారణం. వలస కార్మికుల తరఫువారు తెలంగాణ హైకోర్టుకు వెళ్లారు. 2021లో ప్రభుత్వం ఆ తగ్గింపును వెనక్కి తీసుకుంది. చిన్న విజయమే. కాని పత్రంలో లేని పక్షం ఆ పత్రాన్ని మార్పించిన విజయం. 1948లో పారిస్‌లో లేనిది ఇక్కడ వుంది.

కనుక నా దగ్గరికి వచ్చే విద్యార్థులకు నేను నాలుగు ప్రశ్నలు రాసిస్తున్నాను. ఏ ఒప్పందం చదివినా వేసుకోమంటున్నాను. ఇది ఎవరెవరి మధ్య? ఇందులో ఎవరి భూమి, ఎవరి శ్రమ చేతులు మారుతున్నది? స్నేహం, హామీ, యథాతథం, సంస్కరణ వంటి మాటల్లో ఏ మాట ఏ పని చేస్తున్నది? లేని పక్షం సాక్ష్యం ఎక్కడ దొరుకుతుంది? మొదటి ప్రశ్నకు జవాబు పాఠ్య పుస్తకంలో వుంటుంది. రెండో దానికి రెవెన్యూ దస్తరాల్లో వెతకాలి. మూడోది భాష తెలిసినవాళ్ల పని, అంటే మన పని. నాలుగోదానికి వూళ్లోకి వెళ్లాలి, పాటలు వినాలి, నవలలు చదవాలి.

రచయితలకు నా విజ్ఞప్తి కూడా ఇదే. ప్రపంచ పరిణామాల మీద కవిత రాయాలనిపిస్తే రాయండి, దూరపు నగరాల పేర్లు వస్తే రానివ్వండి. కాని ఆ ముందు మీ మండలంలో గల్ఫు నుంచి తిరిగి వచ్చినవాళ్ల దగ్గర కూర్చోండి. 1948 నాటి సంగతులు తాతల ద్వారా విన్నవాళ్లు హిందువుల్లోనూ ముస్లింలలోనూ ఇంకా వున్నారు, వాళ్ల మాటలు రాసిపెట్టుకోండి. ఈ పని రాజ్యాలు చేయవు, వాటి దస్తరాల్లో అందుకు గడి లేదు. మనం చేయకపోతే రేపటి చరిత్రకారుడికి దొరికేవి సంతకాలు మాత్రమే.